గంగమ్మ విశ్వరూపం ముందు లేని బెరుకు గ్యాలరీ గుమ్మంలో ఎందుకు?

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర చివరి రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం లేస్తుంది. అది నిలిచేది కొన్ని గంటలే. తెల్లవారుజామున ఆ విశ్వరూపం చెంప నరికే తంతు ముగియగానే ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. చిటికెడు దొరికినా చాలని కొంగున ముడేసుకుని ఇంటికి పట్టుకెళ్తారు. అంతకు ముందు వారమంతా ఊరు ఊరంతా వేషాల్లోనే ఉంటుంది. బైరాగి వేషానికి ఒంటికి తెల్లటి నామంకొమ్ము పూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి. మీసాలున్న మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకుని నడిబజారున నడుస్తారు. ఇంత విడ్డూరం కళ్ల ముందు జరుగుతున్నా "దీనర్థం ఏంటి?" అని అడిగేవాళ్లు ఆ గుంపులో ఒక్కరూ కనిపించరు.

అదే మనిషిని చెన్నైలోనో బెంగళూరులోనో ఒక ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్లి, నేల మీద కుప్పగా పోసిన మట్టి ముందు నిలబెడితే ఇబ్బందిగా నవ్వుతాడు. "ఇదేం కళ? ఇది మా పిల్లోడూ చేస్తాడు" అంటాడు, లేకపోతే ఏమీ అనకుండా పక్కకు తప్పుకుంటాడు. మట్టి అదే, మనిషీ అతనే. మరి బెరుకు ఎక్కణ్నుంచి వచ్చింది?

జాతరను ఆర్ట్ అంటే జాతరకు వచ్చేవాళ్లే ఒప్పుకోరు. అది మొక్కు, పూజ. గ్యాలరీలో మట్టికుప్పకు ఎవరూ మొక్కుకోరు. అంచేత రెండూ ఒకటే అని తేల్చేయడం కుదరదు. కానీ సమకాలీన కళ సామాన్యుడికి అందాలా వద్దా అన్న వాదనలో తరచూ వినిపించే మాట ఒకటుంది: జనానికి కొత్తగా, వింతగా ఉన్నది ఎక్కదు, వాళ్లకు తెలిసిన దేవుడి బొమ్మో పల్లెటూరి దృశ్యమో చాలు అని. ఆ మాట ఎంత తప్పో తేల్చుకోవడానికి తిరుపతిలో ఒక్క వారం ఉంటే సరిపోతుంది. వింతకు ఈ జనం ఎప్పుడూ జడవలేదు.

చిత్తూరు జిల్లా పల్లెల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం ఉత్సవాలు కూడా ఇదే చెబుతాయి. పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ఆఖరి రోజు పొలంలోనో మైదానంలోనో దుర్యోధనుడి బొమ్మ ఉంటుంది. మనిషి కంటే ఎన్నో రెట్లు పెద్దదైన ఆ మట్టి శరీరం వెల్లకిలా పడుకుని ఉంటుంది. భీముడి వేషగాడు దాని మీదే పరుగులు పెట్టి, చివరకు తొడ మీద గద దించుతాడు. ఆ తొడ మీది ఎర్రదనంతో ద్రౌపది జుట్టు ముడేసుకుంటుంది. నటుడు ఎక్కడ ఆగాడో, పాత్ర ఎక్కడ మొదలైందో, చూసేవాళ్లు ఎప్పుడు భక్తులయ్యారో గీత గీసి చెప్పడం కష్టం. ఇన్‌స్టలేషన్ (ఒక చోటును నింపే అమరికే కళ కావడం), పెర్ఫార్మెన్స్ (మనిషి చేసి చూపేదే కళ కావడం) అనే పేర్లు పెట్టకుండానే ఇక్కడి పిల్లలు వాటిని తండ్రి భుజాల మీద కూర్చుని చూశారు. ఒకసారి చూసి ఊరుకోలేదు, ఏటా చూశారు.

కిటుకు ఆ "ఏటా"లోనే ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త పియరీ బోర్డ్యూ 1960లలో యూరప్ మ్యూజియాలకు వచ్చేవాళ్ల మీద సర్వే చేశాడు. జనాన్ని ఆపుతున్నది టికెట్ ధర కంటే చదువు, ఇంట్లో అబ్బిన అలవాటు అని ఆ సర్వే తేల్చింది. తలుపులు తెరిచి ఉచితం అన్నా, చిన్నప్పటి నుంచి బొమ్మల మధ్య తిరిగినవాళ్లే ఎక్కువగా వస్తారు. మిగతావాళ్లకు "ఇది మనలాంటివాళ్ల చోటు కాదు" అనిపిస్తుంది. ఆ అనిపించడం కూడా ఎంత సహజంగా ఉంటుందంటే, తమను ఎవరో ఆపారని కూడా వాళ్లు అనుకోరు, తమకే ఆసక్తి లేదనుకుంటారు. బోర్డ్యూ మాటను మన ఊరికి తెచ్చుకుంటే తేలేది ఇది: విశ్వరూపం ముందు నిలబడ్డ మనిషికీ కళాశిక్షణ ఉంది. కాకపోతే ఆ శిక్షణను ఏ కాలేజీలోనూ ఇవ్వలేదు, సర్టిఫికెట్ లేదు, అందుకే దాన్ని ఎవరూ శిక్షణగా లెక్కపెట్టరు.

ఇక్కడ "అందుబాటు" అనే మాట దగ్గర కాస్త ఆగాలి. ఆ ఒక్క మాటలో రెండు వేర్వేరు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, కళ మన దాకా రావాలి: మన ఊళ్లో, మన భాషలో, మనం భరించే ఖర్చులో. రెండోది, కళ మనకు వెంటనే అర్థమయ్యేంత తేలిగ్గా ఉండాలి. మొదటిది న్యాయమైన కోరిక. రెండోది ఒప్పుకుంటే కళకే నష్టం, ఆ మాటకొస్తే సామాన్యుడికీ అవమానమే. "నీకింతకంటే ఎక్కదులే" అని ముందే తీర్మానించి వడ్డించినట్టు. మాట ఒకటే కావడంతో వాదించేవాళ్లు ఒకదాని గురించి మొదలుపెట్టి రెండోదానిలో తేలుతుంటారు.

ఆ గందరగోళానికి మంచి ఉదాహరణ అరటిపండు. ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ 2019లో మయామీ ఆర్ట్ ఫెయిర్‌లో ఒక అరటిపండును గోడకు టేపుతో అంటించి 1.2 లక్షల డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. 2024 నవంబర్‌లో న్యూయార్క్ వేలంలో ఆ కళాకృతి 62 లక్షల డాలర్లకు పోయింది. మన లెక్కలో 50 కోట్ల పైమాటే. వేలం రోజు గోడకు అంటించిన పండు మాత్రం వీధి బండి మీద 35 సెంట్లకు కొన్నది. కొన్న క్రిప్టో వ్యాపారి తర్వాత దాన్ని తినేశాడు కూడా. తెలుగు ఫేస్‌బుక్‌లో వారం రోజులు నవ్వులే నవ్వులు. ఆ నవ్వులో తప్పేమీ లేదు. నిజానికి అర్థమయినందుకే నవ్వు వచ్చింది. డబ్బు మదం మీద అదొక వెటకారం అని తెలుసుకోవడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు. కాటెలాన్ అరటిపండు సామాన్యుడికి బుర్రకు అందింది, చేతికి అందలేదు. అసలు సమకాలీన కళ అంటేనే ఇది అన్నట్టు వార్తలు రావడం మాత్రం దురదృష్టం. ఎందుకంటే చాలామందికి ఈ పేరు కింద తెలిసింది ఆ అరటిపండు ఒక్కటే.

చిత్తూరు జిల్లాలోనే పుట్టి ప్రపంచ చిత్రకళలో ఒక పద్ధతికే మూలపురుషుల్లో ఒకరైన మనిషి గురించి ఆ అరటిపండు గురించి తెలిసినంత కూడా తెలియకపోవడం ఇంకా పెద్ద వింత. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు దగ్గరి నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకున్నారు. లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర, పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం నేర్చుకుని, అక్కడే హేటర్ నడిపే ప్రింట్ల వర్క్‌షాప్ 'అతెలియే 17'లో చేరి, తర్వాత దానికి సహ సంచాలకుడయ్యారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్క్‌లో స్థిరపడి, 2018లో అక్కడే కన్నుమూశారు. హేటర్, కైకో మోతీలతో కలిసి ఆయన పైకి తెచ్చిన పద్ధతిని విస్కాసిటీ ప్రింటింగ్ అంటారు.

పేరు వినగానే ఇంజనీరింగ్ పాఠంలా భయపెడుతుంది కానీ విషయం వంటింటిది. అంతకు ముందు రంగుల ప్రింటు తీయాలంటే ఒక్కో రంగుకు ఒక్కో లోహపు ప్లేటు చేసి, కాగితాన్ని పలుమార్లు అచ్చుకింద పెట్టాల్సి వచ్చేది. ఈ పద్ధతిలో ఒకే ప్లేటును ఆమ్లంతోనూ పనిముట్లతోనూ వేర్వేరు లోతుల్లో చెక్కుతారు. మిట్టలు, పల్లాలు ఏర్పడతాయి. తర్వాత ఒక రంగులో నూనె ఎక్కువ కలిపి పలచగా చేస్తారు. దాన్ని గట్టి రోలరుతో దొర్లిస్తే మిట్టలకు మాత్రమే అంటుతుంది. రెండో రంగును చిక్కగా ఉంచి మెత్తటి రోలరుతో దొర్లిస్తే ఆ రోలరు నొక్కుకుని పల్లాల్లోకి దిగుతుంది. పలచటి రంగున్న చోట చిక్కటిది పట్టదు. జిడ్డు చేతికి పిండి అంటనట్టు, నూనె రాసిన పళ్లేనికి పాకం అతుక్కోనట్టు. రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా ఒకే ప్లేటు మీద నిలుస్తాయి, ఒకే దెబ్బలో కాగితం మీదికి వస్తాయి. వేరుశెనగ ఉండలు చేసే ఏ ఇల్లాలికైనా ఈ సూత్రం రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. కళాశాలలో చదువుకున్నవాళ్ల కంటే ఆమె ముందే పట్టుకుంటుందేమో కూడా.

ఆయన బొమ్మలు మాత్రం తేలికైనవి కావు. 1968 పారిస్ విద్యార్థుల ఆందోళనల నుంచి పుట్టిన ప్రింటులో జనం గీతల్లోకి కరిగిపోతున్నట్టుంటారు. సుడిగుండం బొమ్మలో నీటికి బదులు నీటి కదలిక కనిపిస్తుంది. సర్కస్ జోకర్ మీద చేసిన బొమ్మల్లో మనిషి ముక్కలై మళ్లీ రింగులా అల్లుకుంటాడు. వీటిని తేలిక చేసి వేసి ఉంటే అవి ఉండేవే కావు. అదలా ఉంచితే, ప్రింటు అనేది స్వభావరీత్యానే పంచుకునే కళ. పెయింటింగ్ ఒక్కటే ఉంటుంది, దాన్ని ఒక్కడే కొంటాడు. ప్రింటు పదుల కాపీల్లో వస్తుంది, ప్రతి కాపీ అసలుదే. రవివర్మ 1894లో ముంబైలో లిథో ప్రెస్ (రాతి పలకల మీంచి బొమ్మలు అచ్చేసే ప్రెస్) పెట్టాకే లక్ష్మీ సరస్వతులు రాజుల దర్బారులు దాటి మామూలు ఇళ్ల గోడలకెక్కారు. అప్పటి దాకా గుడి లోపలికి రానివ్వని కులాలవాళ్ల ఇళ్లలోకి కూడా దేవుడు కాగితం రూపంలో వచ్చాడు. ఇవాళ తిరుపతి వీధుల్లో ఫ్రేము కట్టి అమ్మే ప్రతి వెంకన్న పటం వెనకా ఆ చరిత్ర ఉంది. కృష్ణారెడ్డి ప్రింట్లు అంత చవగ్గా దొరకవు, నిజమే. కానీ సొంత జిల్లాలో స్కూలు పిల్లలు ఆయన బొమ్మ ఒక్కటైనా, కనీసం పాఠ్యపుస్తకం సైజు నకలైనా, చూడకుండానే పెద్దవాళ్లయిపోవడానికి కారణం బొమ్మలో ఉన్న కష్టం కాదు. చూపించినవాళ్లు లేరు, అంతే.

చూపించడం ఎలాగో నేర్చుకోవడానికి పారిస్ దాకా వెళ్లనక్కర్లేదు, శ్రీకాళహస్తి చాలు. అక్కడి కలంకారీ నేతలో పుట్టింది కాదు, చేత్తో గీసింది. నూలుగుడ్డను కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు. వెదురు పుల్ల చివర గుడ్డ చుట్టిన కలంతో గీస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావణం కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లటి గీత అవుతుంది. పటిక పూసిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఇదంతా చాలామంది రాసిందే. అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. గుడికోసం చేసే పెద్ద వస్త్రాల్లో మధ్యన ముఖ్యమైన ఘట్టం, చుట్టూ వరసలు వరసలుగా కథ ఉంటాయి. ఆ వరసల మధ్య సన్నటి పట్టీలో అక్కడ ఏం జరుగుతోందో తెలుగులో రాసి ఉంటుంది. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న 19వ శతాబ్దపు కాళహస్తి వస్త్రం మీద కూడా మన అక్షరాలే. చూసేవాళ్లలో చాలామందికి చదవడం రాని రోజులవి. అయినా రాశారు. చదివే ఒక్కడు ఉంటే పదిమందికి చెబుతాడు. అలా రాయడం వల్ల కళ స్థాయి పడిపోయిందని ఎవరైనా అనగలరా?

ఇప్పుడు ఏదైనా ఆధునిక చిత్రాల ప్రదర్శనకు వెళ్లి గోడ మీది కాగితం చదివితే తేడా తెలుస్తుంది. తెలుగు కళాకారుడు, తెలుగు ఊరు, వచ్చేవాళ్లు తెలుగువాళ్లు. కాగితం మాత్రం ఇంగ్లీషులో. ఆ ఇంగ్లీషు కూడా ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే తలనొప్పి తెప్పించే రకం. అస్తిత్వం, అంతరాళం, విచ్ఛిన్నత లాంటి మాటలు వాక్యానికి నాలుగు. కొన్నిసార్లు అనుమానం వస్తుంది, బొమ్మ వేసిన మనిషి ఆ కాగితం చదివాడా అని. కష్టమైన బొమ్మ పక్కన తేలికైన మాట పెట్టడం బొమ్మకు ద్రోహం అన్న అపోహ ఎక్కడ మొదలైందో కానీ, గ్యాలరీల్లో బాగా వేళ్లూనుకుంది.

తెలుగువాళ్లకు ఈ విషయంలో అష్టావధానం మంచి పాఠం చెబుతుంది. సభలో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లందరికీ పూరణలోని సంధులు, శ్లేషలు తెలుస్తాయా? తెలియవు. అయినా కదలరు. ఎందుకంటే ఆట నియమాలు అందరికీ తెలుసు. నిషిద్ధాక్షరిలో ఏ అక్షరం వాడొద్దన్నారో తెలుసు. దత్తపదిలో ఇచ్చిన నాలుగు మాటలూ తెలుసు. గంట ఎన్నిసార్లు మోగిందో వాళ్లూ వేళ్ల మీద లెక్కపెడుతుంటారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి "అవధాని గారూ, ఇవాళ కూరేంటి?" అంటే హాలంతా నవ్వుతుంది. పద్యం బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు, అయినా పండితుడికీ పల్లెటూరి రైతుకీ ఒకే హాల్లో చోటుంది. సమకాలీన కళలో లోపించింది ఇదే. ఆట కష్టంగా ఉండటంతో పేచీ లేదు. ఆట ఏమిటో చెప్పకుండా, చెప్పలేదని కూడా చెప్పకుండా, ఓడిపోయినట్టు చూసేవాణ్ని ఇంటికి పంపడంతోనే పేచీ.

దీనికి వ్యతిరేకంగా చెప్పే మాటల్లో ఒకదానికి బలం ఉంది. అందరికీ అందాలన్న పట్టుదలతో మొదలైన కళ చివరకు ఎవరినీ కదిలించనిదిగా మిగులుతుంది అన్నది. తిరుపతి గోడలే సాక్ష్యం. స్మార్ట్ సిటీ పనులు, స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలు వచ్చాక రోడ్డు పక్క గోడల నిండా బొమ్మలొచ్చాయి. దశావతారాలు, నెమళ్లు, నాట్యభంగిమలు, చెట్లు నాటమనే నినాదాలు. టికెట్ లేదు, తలుపు లేదు, ఎండలో నడిచే భక్తుడికీ ఆటోవాడికీ ఒకేలా అందుబాటు. కానీ ఒకసారి చూసిన గోడను రెండోసారి చూడబుద్ధి కాదు. పచ్చిగా చెప్పాలంటే కొన్ని గోడల మీద దేవుణ్ని నిలబెట్టింది కళ కోసం కాదు, పక్కన ఎవరూ ఒంటికి పోకుండా. ఫ్లెక్సీలొచ్చి బోర్డులు రాసే పెయింటర్ల పొట్ట కొట్టాక వాళ్లకు ఈ గోడలు కొంత పని ఇచ్చాయి, అది మంచిదే. పేరున్న చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ కూడా బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసే పెయింటర్‌గానే మొదలయ్యాడు. అంటే చేతిలో పనితనం ఉంది. ఆ చేతికి ఇచ్చే ఆర్డరులోనే ఏ ఆలోచనా లేదు.

చవక చేయడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. కాళహస్తి కలంకారీ డిజైన్‌ను మిషన్ మీద అచ్చేసి కొన్ని వందల రూపాయలకే చీరగా అమ్ముతున్నారు. వారాల తరబడి కూర్చుని గీసినవాడి ధర దాని పక్కన మోసంలా కనిపిస్తుంది. కొనేవాళ్లను తప్పుపట్టలేం, వాళ్ల బడ్జెట్ అంతే. 1957లో శ్రీకాళహస్తిలో ప్రభుత్వం శిక్షణ కేంద్రం పెట్టకపోతే, దాని వెనక హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చట్టోపాధ్యాయ లాంటివాళ్ల పట్టుదల లేకపోతే, ఈ విద్య అప్పుడే పోయేది. 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టికి పద్మశ్రీ దాకా వచ్చేదే కాదు. ఆ కేంద్రం కలంకారీని చవక చేయలేదు. నేర్చుకోవాలనుకునేవాళ్లకు తలుపు తెరిచింది. తిరుపతిలో తితిదే నడిపే శిల్ప కళాశాల కూడా ఇలాంటి తలుపే. కళ అందుబాటు అంటే కొనగలగడం అని మాత్రమే అనుకుంటే ఇలాంటి తలుపులు లెక్కలోకి రావు.

హుస్సేన్ 1954లో వేసిన 'గ్రామ్ యాత్ర' అనే పెద్ద చిత్రం కథ ఇంకా చిత్రమైనది. భారత పల్లె బతుకును ముక్కలు ముక్కలుగా చూపించే ఆ చిత్రాన్ని ఢిల్లీలో పనిచేసిన ఒక విదేశీ డాక్టరు కొన్నాడు. ఆయన ద్వారా అది నార్వేకు వెళ్లి, ఓస్లోలో ఒక ఆసుపత్రిలో దశాబ్దాల పాటు గోడకు వేలాడింది. 2025 మార్చిలో న్యూయార్క్ వేలంలో 118 కోట్ల రూపాయలు పలికింది. తిరగలి విసిరే ఆడమనిషి, ఎడ్లబండి ఉన్న బొమ్మ ఇన్నేళ్లూ బయటి జనం కంట పడలేదు, చూసింది ఆసుపత్రి లోపలి వరండాలో తిరిగిన కొద్దిమందే. వాళ్లకు హుస్సేన్ ఎవరో తెలియకపోవచ్చు. అయినా ఆసుపత్రి గోడ అనే ఆలోచనలో మాత్రం బలముంది. రుయా లాంటి పెద్దాసుపత్రి వరండాలో, ఆర్టీసీ బస్టాండు వెయిటింగ్ హాల్లో, రైల్వే స్టేషన్లో తిరుపతి జనం గంటల తరబడి పనిలేకుండా కూర్చుంటారు. చూడటానికి కావలసిన మొదటి వస్తువు టైము, అది అక్కడ కుప్పలుగా ఉంది. కృష్ణారెడ్డి ప్రింటుకు మంచి నకలు ఒకటి, కింద నాలుగు తెలుగు వాక్యాలు, మధ్యాహ్నం పూట పక్కన నిలబడి మాట్లాడే ఒక ఫైన్ ఆర్ట్స్ విద్యార్థి. పెద్ద భవనం అక్కర్లేదు. ఒక బొమ్మ ఏడాది పాటు అదే గోడ మీద ఉండాలి, ప్రతి నెలా చెకప్‌కి వచ్చే పెద్దావిడ దాన్ని పన్నెండుసార్లు చూడాలి.

ఆ పెద్దావిడ పన్నెండోసారి చూశాక కూడా "నాకు నచ్చలేదు నాయనా" అనొచ్చు. అంటే ఆ విద్యార్థి నొచ్చుకోకూడదు, ఆమెకు మళ్లీ మొదట్నుంచి పాఠం చెప్పడం మొదలుపెట్టకూడదు. జాతరలో బండ వేషం రోజు ఒంటినిండా కుంకుమ పూసుకున్నవాళ్లు వీధివీధీ తిరుగుతూ నోటికొచ్చిన బూతులు తిడతారు. ఎవరూ ఆపరు. అలా తిట్టినవాళ్లే వారం తిరక్కుండా తెల్లవారుజామున విశ్వరూపం మట్టి కోసం చెయ్యి చాపుతూ కనిపిస్తారు.